రాజోలు మాస్టారి ఇంటి బీమా: పెరిగిన ప్రీమియంలో ఏది అవసరం, ఏది దండగ

ఈ కేసు రాజోలు దగ్గరి ఒక ఊరిలోని ఇంటిది. యజమాని విశ్రాంత ఉపాధ్యాయుడు, ఊరందరికీ మాస్టారు. కుటుంబ వివరాలు కొన్ని మార్చాను, అంకెలను కొద్దిగా సర్దాను. లెక్క తీరు మాత్రం ఉన్నదున్నట్టే ఉంచాను.

మన వైపు ఇంటికి బీమా ఉన్నవాళ్లే తక్కువ. ఉన్నవాళ్లలోనూ చాలామందికి అది బ్యాంకు అప్పుతో పాటు వచ్చిందే తప్ప కోరి తీసుకున్నది కాదు. మాస్టారిదీ అదే దారి. 2021 మొదట్లో మేడమీద గదులు వేయడానికి అప్పు తీసుకున్నప్పుడు బ్యాంకు కౌంటరు దగ్గరే ఒక ప్యాకేజీ పాలసీ చేతిలో పెట్టారు. మూడేళ్ల ప్రీమియం అప్పులోనే కలిపేశారు కాబట్టి ఎంత కట్టారో ఆయనకు ఈనాటికీ సరిగ్గా తెలియదు. ఆ మూడేళ్లు అయ్యాక ఏటా రెన్యువల్ నోటీసు రావడం మొదలైంది. కిందటి ఏడాది 9,440 రూపాయలు కట్టారు. మొంథా తుఫాను 2025 అక్టోబరు 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటి వెళ్లాక వచ్చిన నోటీసులో అంకె 13,688. దాదాపు సగం పెరిగింది.

హైదరాబాదులో ఉండే పెద్దబ్బాయి ఫోనులో ఒక్కటే అడిగారు. "ఇల్లు ఏటిగట్టుకు ఇవతలే కదండీ, నాన్నకు వరద రక్షణ దేనికి? తుఫాను, వరద రెండూ తీయించేస్తే ఎంత తగ్గుతుందో కనుక్కోండి."

ఈ ప్రశ్న నాకు తరచుగా వస్తుంది. ప్రీమియం పెరగగానే ముందు చేయి పడేది దానిమీదే. జవాబు తర్వాత చెప్తాను, ముందు నోటీసు పంపండి అన్నాను. పాలసీ పుస్తకం కాదు, షెడ్యూలు. దేనికి ఎంత మొత్తం, దానికి ఎంత ప్రీమియం అని ఉండే ఆ ఒకటి రెండు పేజీలే అసలు కాగితం. మిగిలినది ఓపిక ఉంటే చదవచ్చు.

పన్నుకు ముందు కిందటి ఏడాది ప్రీమియం 8,000. భవనం 78 లక్షలకు 3,900, దొంగతనం రక్షణ 10 లక్షలకు 2,500, నగలు 3 లక్షలకు 1,600. ఈ ఏడాది 11,600. భవనం 85 లక్షల 80 వేలకు 5,148, దొంగతనం 11 లక్షలకు 2,750, నగలు 1,760, చివర "అదనపు రక్షణలు" పేరుతో 1,942. వీటిపైన 18 శాతం జీఎస్టీ 2,088.

పెంపు 3,600 రూపాయలు. ఇందులో కంపెనీ నిజంగా రేటు పెంచినది భవనం దగ్గర మాత్రమే. లక్షకు 50 రూపాయలు ఉన్నది 60 అయింది. 85 లక్షల 80 వేలకు ఆ తేడా 858 రూపాయలు. అంటే పెంపులో నాలుగో వంతు కూడా కాదు. బీమా మొత్తాలు పది శాతం చొప్పున వాటంతట అవే పెరగడం వల్ల మరో 800: భవనం దగ్గర 390, దొంగతనం దగ్గర 250, నగల దగ్గర 160. మిగిలిన 1,942, అంటే సగానికి పైగా, మాస్టారు ఎప్పుడూ అడగని అదనపు రక్షణలది. తాళంచెవులు పోతే మార్పించే ఖర్చు, గృహోపకరణాల బ్రేక్‌డౌన్, బయటికి తీసుకెళ్లే ల్యాప్‌టాప్‌కు రక్షణ. మాస్టారి ఇంట్లో ల్యాప్‌టాప్ లేదు.

"తుఫాను వచ్చింది కదా, అందుకే పెంచారు అనుకున్నానండి" అన్నారాయన. అందరూ అలాగే అనుకుంటారు. తుఫాను పేరు వినగానే పెంపు న్యాయంగానే తోస్తుంది, ఎవరూ లెక్క అడగరు. కంపెనీలకు ఖర్చు పెరగడం అబద్ధం కాదు. తాము తీసుకున్న రిస్కులో కొంత భాగాన్ని అవి తిరిగి పెద్ద రీఇన్సూరెన్సు సంస్థల దగ్గర బీమా చేసుకుంటాయి. తుఫానులు, వరదలు పెరిగిన కొద్దీ అక్కడి రేటు పెరుగుతుంది, ఆ భారం మన దాకా వస్తుంది. అయితే ఈ నోటీసులో ఆ భారం విలువ 858 రూపాయలు. దాన్ని తగ్గించుకోవడానికి ఇంటికి ముఖ్యమైన రక్షణను వదులుకోమని నేను ఎవరికీ చెప్పను.

ఇక్కడ జీఎస్టీ మాట కూడా ఒకటి. బీమాకు పన్ను ఎత్తేశారు కదా, మళ్లీ 18 శాతం ఏమిటని అబ్బాయి అడిగారు. 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను పోయింది వ్యక్తిగత జీవిత బీమాకు, ఆరోగ్య బీమాకు. ఇంటి బీమాకు పోలేదు.

అసలు తప్పు భవనం వరుసలో ఉంది. 78 లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయి? అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకు వాల్యుయేషన్ చేయించింది. ఇల్లు, పన్నెండు సెంట్ల స్థలం కలిపి అమ్మితే వచ్చే ధర అది. ఆ అంకెనే ఎవరో పాలసీ ఫారంలో ఎక్కించారు. బీమా స్థలానికి కాదు. ఇల్లు పూర్తిగా పోయినా కంపెనీ ఇచ్చేది అదే విస్తీర్ణంలో అదే రకం ఇల్లు మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చు మాత్రమే. 85 లక్షలకు ప్రీమియం కట్టినంత మాత్రాన దానికి మించి ఒక్క రూపాయి రాదు. మన ఊళ్లలో రోడ్డు పక్క స్థలం ధర ఇంటి ధరను ఎప్పుడో దాటేసింది, కాబట్టి ఈ తప్పు ఇక్కడ బాగా ఖరీదైనది. స్థలం ధర పెరిగిన కొద్దీ దండగ ప్రీమియమూ పెరుగుతుంది.

మేస్త్రీని వెంటబెట్టుకుని ఇల్లంతా కొలిచాం. కింద డాబా గోడల లోపలి విస్తీర్ణం 1,250 చదరపు అడుగులు, మేడమీద 850. కలిపి 2,100. ప్రస్తుతం అక్కడ మామూలు రకం నిర్మాణానికి మేస్త్రీ చెప్పిన ధర చదరపు అడుగుకు 2,000. ఇసుక, కంకర దూరం నుంచి రావాలి కాబట్టి అది ఎక్కువేమీ కాదు. 42 లక్షలు. ఇంటి వెనుక పెంకుటిల్లు 600 అడుగులు, తిరిగి కట్టాలంటే 9 లక్షలు. ప్రహరీ, గేటు, సెప్టిక్ ట్యాంకు, మేడమీది నీళ్ల ట్యాంకు, ఇతరాలకు 3 లక్షలు. మొత్తం 54 లక్షలు.

పెంకుటిల్లు దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మొంథా రాత్రి దెబ్బ తిన్నది అదే. గాలికి కొబ్బరిచెట్టు ఒకటి అడ్డంగా పడి వాసాలు విరిగాయి, వంటగది వైపు పెంకులన్నీ లేచిపోయాయి. మళ్లీ కప్పు వేయించడానికి 1,60,000 ఖర్చయింది. క్లెయిము పెడితే కంపెనీ తిరస్కరించింది. షెడ్యూలులో ఇంటి వర్ణన "రెండంతస్తుల కాంక్రీటు భవనం" అని ఉంది, పెంకుటిల్లు మాటే లేదు. ఎనిమిదేళ్ల పసివాడికి కూడా కనిపించే ఇల్లు బ్యాంకు వాల్యుయేషన్‌లో కనిపించలేదు, ఎందుకంటే అప్పు మేడకు. స్థలంతో కలిపి 78 లక్షలకు బీమా ఉన్న మనిషి, 9 లక్షల ఇంటికి బీమా లేక సొంత డబ్బుతో కప్పు వేయించుకున్నారు.

నా అభిప్రాయంలో ఆ క్లెయిములో వాదించడానికి చోటుంది. డోరు నంబరు ఒకటే, వంటిల్లు అక్కడే, కుటుంబం రోజూ వాడుకునే భాగం అది. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయడం, అక్కడ కాకపోతే ఏడాది లోపు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్, అంటే కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి దగ్గరికి వెళ్లడం మంచిదని చెప్పాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణతో పాటు యానాం కూడా ఆ కార్యాలయం పరిధిలోనే ఉంది. అక్కడ ఫీజు లేదు, వకీలు అక్కరలేదు, 50 లక్షల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఉంది. మాస్టారికి తగవులు ఇష్టం లేదు. "పోనివ్వండి, కాగితంలో లేనిది అడగడం ఏం బాగుంటుంది" అన్నారు. అది ఆయన నిర్ణయం. నేనైతే వెళ్లేవాణ్ణి.

ఇప్పుడు అబ్బాయి అడిగిన దానికి వద్దాం. తుఫాను, వరద తీసేస్తే కొన్ని రకాల పాలసీల్లో ప్రీమియం తగ్గే మాట నిజమే. అనంతపురంలో ఇల్లుంటే దాని గురించి మాట్లాడుకోవచ్చు. గోదావరి పాయలు వశిష్ఠకు, గౌతమికి మధ్య ఉన్న ఇంటికి అది తీసేస్తే ఇక మిగిలేది అగ్నిప్రమాదం. కాంక్రీటు ఇల్లు పూర్తిగా తగలబడడం అరుదు.

ఇల్లు గట్టుకు ఇవతల ఉందన్న ధైర్యం గురించి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మూడో హెచ్చరిక అంటే సుమారు 17 లక్షల క్యూసెక్కుల నీరు. 1986 ఆగస్టులో వచ్చిన నీరు 35 లక్షల క్యూసెక్కులు దాటింది, గట్లకు గండ్లు పడ్డాయి. 2022 జులైలో 25 లక్షలు దాటింది, గట్లు నిలిచాయి. నిలిచిన ఏడాదిని చూసి బీమా తీసేయడం, పడ్డ ఏడాదిని చూసి బీమా కోసం పరుగెత్తడం, రెండూ ఒకటే. పైగా మన ఇళ్లలోకి నీళ్లు రావడానికి గట్టు తెగనక్కరలేదు. భారీ వర్షం, అదే సమయంలో సముద్రం పోటు మీద ఉంటే మురుగు కాలువల్లో నీరు కదలదు, పొలాలు నిండి ఊళ్లలోకి వస్తుంది. పాలసీలో "వరద, ముంపు" అని రెండు మాటలు కలిపి ఉండేది ఇందుకే.

తుఫాను గురించి మాస్టారి భార్యకే బాగా తెలుసు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద విరుచుకుపడిన తుఫానులో ఇదే పెంకుటిల్లు సగం లేచిపోయింది. "వాడికేం తెలుసండీ, అప్పటికి చిన్నపిల్లవాడు" అన్నారావిడ కొడుకు గురించి. ఆ మాటతో తుఫాను రక్షణ తీసేసే చర్చ ముగిసింది. నా అంకెలు చేయలేని పని అది.

మన ప్రాంతానికి ఇంకొక ప్రమాదం ఉంది, బయటివాళ్లకు స్ఫురించదు. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ గ్యాస్ బావి అదుపు తప్పి (బ్లోఅవుట్) రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గెయిల్ గ్యాస్ పైపులైను పేలి ఇళ్లు, మనుషులు, చెట్లు కాలిపోయాయి. చుట్టూ గ్యాస్ పైపులైన్లు ఉన్న చోట పాలసీలో "పేలుడు" అన్న మాట ఉందో లేదో చూసుకోవాలి. మంచి సంగతి ఏమిటంటే మామూలు గృహ పాలసీల్లో అది నిప్పుతో పాటే ఉంటుంది, విడిగా కొనక్కరలేదు.

కొత్త పాలసీగా నేను సూచించినది భారత్ గృహ రక్ష. ఇది ఒక కంపెనీ సరుకు కాదు. ఈ వ్యాపారంలో ఉన్న సాధారణ బీమా కంపెనీలన్నీ 2021 ఏప్రిల్ 1 నుంచి ఇదే పేరుతో, ఇవే నిబంధనలతో తప్పనిసరిగా అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది. రేటు మాత్రం ఎవరిది వారిదే. కాబట్టి ఒకే కొలతలు, ఒకే మొత్తం ఇచ్చి రెండు మూడు కంపెనీల ధరలు పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ప్యాకేజీ పాలసీలతో ఆ పోలిక కుదరదు, ఒక్కొక్కరూ ఒక్కో రక్షణను కలిపి అమ్ముతారు.

ఇందులో మాస్టారి ఇంటికి పనికొచ్చే సంగతులు ఇవి. నిప్పు, పిడుగు, పేలుడు, భూకంపం, తుఫాను, వరద, ముంపు అన్నీ మూల పాలసీలోనే ఉన్నాయి. చెట్టు వచ్చి పడడం కూడా ఉంది, ఏ వాహనమో గోడకు గుద్దుకోవడమూ ఉంది. ఇంటి వర్ణనలో ప్రహరీ, గేటు, వసారా, సెప్టిక్ ట్యాంకు, నీళ్ల ట్యాంకు, సోలార్ పలకలు, నివాసానికి వాడుకునే ఔట్‌హౌస్ కూడా చేరతాయి. భవనం మొత్తంలో 20 శాతం, 10 లక్షలకు మించకుండా, ఇంటి సామానుకు దానంతట అదే వర్తిస్తుంది. 54 లక్షల్లో 20 శాతం 10 లక్షల 80 వేలు కాబట్టి మాస్టారికి 10 లక్షలు. శిథిలాలు తొలగించడానికి క్లెయిములో 2 శాతం దాకా, ఇంజినీరు ఫీజులకు 5 శాతం దాకా ఇస్తారు.

అన్నిటికంటే ముఖ్యమైన మార్పు తక్కువ బీమా కోత లేకపోవడం. పాత పాలసీల్లో 40 లక్షల ఇంటికి 20 లక్షలకే బీమా చేస్తే, 4 లక్షల నష్టానికి 2 లక్షలే ఇచ్చేవారు. ఆ భయంతోనే చాలామంది మొత్తాన్ని పెంచి రాయించేవారు, ఏజెంట్లూ రాయించేవారు. భారత్ గృహ రక్షలో ఆ కోత ఎత్తేశారు. అలాగని విస్తీర్ణం తప్పు చెప్పకూడదు. కొలత నిజమై ఉండాలి, ఎందుకంటే బీమా మొత్తం విస్తీర్ణాన్ని నిర్మాణ ధరతో హెచ్చిస్తే వచ్చేది.

పాలసీలో రాని సంగతులు కూడా మాస్టారికి ఒక్కొక్కటే చదివి వినిపించాను. ఇవే తర్వాత తగవులవుతాయి. కోనసీమలో కొత్త ఇల్లు అంటే వరిచేను మెరక చేసి కట్టిందే ఎక్కువ. మాస్టారి డాబా కూడా 2009లో అలా పూడ్చిన నేల మీద లేచిందే. నేల కుంగడం పాలసీలో ఉన్నా, పూడ్చిన నేల సర్దుకోవడం వల్ల, కొత్త కట్టడం కుదురుకోవడం వల్ల, పక్కన తవ్వడం వల్ల వచ్చే బీటలు అందులో రావు. మేడమెట్ల దగ్గర ఇప్పటికే ఉన్న బీటను ఫోటో తీసి తేదీతో దాచాం. రేపు నిజంగా భూకంపం వస్తే ఏది పాతది, ఏది కొత్తది అని తేల్చడానికి పనికొస్తుంది. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టి శ్లాబు పెచ్చులూడడం బీమా విషయం కాదు, మరమ్మతు విషయం. కరెంటు హెచ్చుతగ్గులకో షార్టుసర్క్యూట్‌కో టీవీ, ఫ్రిజ్ కాలిపోతే ఆ వస్తువుకు డబ్బు రాదు, పిడుగు వల్ల అయినా సరే. దాని నుంచి మంటలు రేగి ఇల్లు కాలితే మిగతా నష్టానికి వస్తుంది. తోటలోని కొబ్బరిచెట్లకు ఈ పాలసీతో సంబంధం లేదు. చెట్టు ఇంటిమీద పడితే ఇంటికి డబ్బు, చెట్టుకు లేదు.

పెంకుటింట్లో ఒక గదిలో మాస్టారు కొబ్బరికాయలు రాశి పోసి, ధర చూసి అమ్ముతారు. అది వ్యాపార సరుకు, ఇంటి సామాను కిందికి రాదు. పెద్ద రాశి అయితే దానికి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే చిన్న వ్యాపారాల పాలసీ ఉంది. మాస్టారి రాశి అంత పెద్దది కాదు, వదిలేశాం. కానీ ఆ గది సంగతి ప్రపోజల్‌లో, అంటే పాలసీ దరఖాస్తులో రాయించాను. దాచి తర్వాత దొరికిపోవడం కంటే ముందే చెప్పడం నయం. వెనుక గేదెల తాటాకు పాకను కూడా అలాగే విడిగా చూపాం.

మేడమీద భాగంలో ఒక కుటుంబం అద్దెకుంది. అది కూడా రాశాం. ప్రమాదంలో ఇల్లు నివాసానికి పనికిరాకుండా పోతే పోయిన అద్దె, మాస్టారు వేరే చోట అద్దెకుండాల్సి వస్తే ఆ ఖర్చు పాలసీలో ఉన్నాయి. అద్దెకున్నవాళ్ల సామానుకు మాత్రం మాస్టారి పాలసీ వర్తించదు. వాళ్లు సామానుకు మాత్రమే ఇదే పాలసీ విడిగా తీసుకోవచ్చు.

నగలు, దొంగతనం సంగతి త్వరగానే తేలింది. నగలు ఎక్కువ భాగం బ్యాంకు లాకరులో ఉన్నాయి. ఇంట్లో ఉన్నవి ఆవిడ ఒంటిమీదివే. 1,760 తీసేశాం. దొంగతనం విషయంలో కొంచెం జాగ్రత్త కావాలి. భారత్ గృహ రక్షలో తుఫానో అగ్నిప్రమాదమో జరిగిన ఏడు రోజుల్లోపు జరిగే దొంగతనానికే మూల పాలసీలో రక్షణ ఉంది. మామూలు రోజుల్లో తాళం పగలగొట్టి పోతే లేదు. వీళ్లు సంక్రాంతి అయ్యాక కొడుకు దగ్గరికి వెళ్లి కొన్ని వారాలు ఉంటారు. అందుకే దొంగతనం రక్షణ ఉంచాం, 11 లక్షలకు కాదు, 3 లక్షలకు. ఎత్తుకుపోగలిగిన సామాను అంతకు మించి లేదు. దొంగలు బీరువా మోసుకుపోరు. ఎన్ని రోజులు తాళం వేసి ఉండవచ్చన్నది కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోమన్నాను.

ఉపకరణాల బ్రేక్‌డౌన్ రక్షణ మీద ఆవిడకు కాస్త మోజు ఉండింది, ఫ్రిజ్ పోయిందని. ఆ ఫ్రిజ్ వయసు పదకొండేళ్లు. ఇలాంటి రక్షణల్లో వస్తువు వయసు చూసి తరుగు తీస్తారు. ఆ డబ్బుతో మంచి స్టెబిలైజరు కొనుక్కుని, హెచ్చరిక రాగానే మెయిన్ ఆపేయడం మేలని చెప్పాను. ఆవిడ ఒప్పుకున్నారు, అయిష్టంగానే.

లెక్క ఇలా వచ్చింది. భవనం 54 లక్షలు, సామాను 10 లక్షలు, మొత్తం 64 లక్షలకు లక్షకు 60 చొప్పున 3,840. దొంగతనం 3 లక్షలకు 750. కలిపి 4,590, జీఎస్టీతో 5,416. పెరిగిన రేటు పెరిగినట్టే ఉంది, తుఫాను, వరద ఉన్నాయి, పెంకుటిల్లు చేరింది. 13,688 ఎక్కడ, ఇది ఎక్కడ!

ఇంకో మెట్టు ఉంది. ఈ పాలసీని పదేళ్ల దాకా ఒకేసారి తీసుకోవచ్చు. ఏడాదికి మించిన కాలానికి తీసుకుంటే భవనం మొత్తం ఏటా పది శాతం చొప్పున పెరుగుతుంది, దానికి వేరే ప్రీమియం లేదు. నిర్మాణ ధర పెరిగినా మొత్తం వెనకబడదు, ఈలోగా కంపెనీ రేటు పెంచినా మనకు తగలదు. ప్రీమియం పెరుగుతోందని బాధపడేవాళ్లకు నాకు తెలిసిన మంచి మందు ఇదే. ఐదేళ్లకు 19,200లో కంపెనీ పదో వంతు తగ్గించింది. 17,280, జీఎస్టీతో 20,390. ఏడాదికి 4,078 పడింది. దొంగతనం రక్షణను మాత్రం ఏటా విడిగా 885 చొప్పున కట్టే పద్ధతి పెట్టాం, అవసరం మారితే తీసేయవచ్చని.

"ఐదేళ్లా? అప్పటికి నేనుంటానో లేదో" అన్నారు మాస్టారు.

"పాలసీ ఇంటికండీ మాస్టారూ, మీకు కాదు" అన్నాను. నవ్వారు గాని, మర్నాడు అబ్బాయితో మాట్లాడాకే సంతకం చేశారు. మధ్యలో ఇల్లు అమ్మేస్తే ఏమవుతుందని అబ్బాయి అడిగిన ప్రశ్న సరైనది. 2024 జూన్‌లో వచ్చిన ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్ ప్రకారం రిటైల్ పాలసీదారు కారణం చెప్పకుండానే ఎప్పుడైనా పాలసీ రద్దు చేసుకోవచ్చు. దీర్ఘకాల పాలసీలో ఇంకా మొదలు కాని సంవత్సరాల ప్రీమియం వెనక్కి ఇవ్వాలి.

బ్యాంకులో చిన్న చిక్కు వచ్చింది. అప్పు ఇంకా 6 లక్షలు ఉంది. తమ దగ్గర తీసుకున్న పాలసీనే కొనసాగించాలని అక్కడి ఉద్యోగి గట్టిగా చెప్పారు. తనఖా ఉన్న ఇంటికి బీమా ఉండాలని అడిగే హక్కు బ్యాంకుకు ఉంది. ఫలానా కంపెనీదే, తమ ద్వారానే తీసుకోవాలని బలవంతం చేసే హక్కు లేదు. కొత్త పాలసీలో బ్యాంకు పేరును తనఖాదారుగా చేర్పించి, నకలు జతచేసి, ఒక పేజీ ఉత్తరం రాసి ముద్ర వేయించుకున్నాం. నోటిమాటగా వాదించి ఉంటే ఇంకా తిరుగుతూ ఉండేవాళ్లం. కొత్త పాలసీ మొదలయ్యే తేదీ పాతది ముగిసే తేదీకి కలిసేలా చూశాం. తుఫాను హెచ్చరిక వచ్చాక ఆ తీరప్రాంతానికి కొత్త పాలసీలు ఇవ్వడం కంపెనీలు సాధారణంగా ఆపేస్తాయి. మధ్యలో ఖాళీ వస్తే అక్టోబరులో తెలుస్తుంది దాని ఖరీదు.

చివరగా మనవరాలి చేత ఫోనులో ఇల్లంతా వీడియో తీయించాను. గదులు, బీరువా తలుపులు తెరిచి, పెంకుటింటి వాసాలు, మోటారు, నీళ్ల ట్యాంకు. అది హైదరాబాదులో అబ్బాయి దగ్గర కూడా ఉంది. నష్టం జరిగాక దాన్ని అంచనా వేసే సర్వేయరు వచ్చేలోపు శిథిలాలు ఎత్తేయకుండా ఫోటోలు తీయాలని, టార్పాలిన్ కప్పడం లాంటి అత్యవసర పనులకు బిల్లులు ఉంచాలని ఒక కాగితం మీద రాసి కరెంటు మీటరు పక్కన అంటించాం.

మాస్టారి తమ్ముడి ఇల్లు లంకలో ఉంది, గట్టుకు అవతల. అన్నగారి లెక్క చూసి ఆయనా వచ్చారు. పెంకుటిల్లు, ఎత్తయిన అరుగు, తిరిగి కట్టాలంటే 6 లక్షలు. నదికి, ఇంటికి మధ్య ఇప్పుడు మిగిలినవి రెండు వరుసల కొబ్బరిచెట్లు.

"ఇల్లు ఏట్లో పడితే ఇస్తారా?" అని సూటిగా అడిగారు.

ఇవ్వరు. సముద్రపు కోత, నది కోత ఈ పాలసీలో స్పష్టంగా మినహాయించిన సంగతులు. వరద నీరు ఇంట్లో నిలిచి గోడ పడిపోతే వస్తుంది, గాలికి పెంకులు లేచిపోతే వస్తుంది. నేలే నదిలోకి జారిపోతే రాదు. లంకల్లో ఈ రెంటి మధ్య గీత గీయడం ఎంత కష్టమో ఆయనకు నాకంటే బాగా తెలుసు. వరదలోనే కోత వేగం పెరుగుతుంది. ఏది నీటి దెబ్బ, ఏది కోత అని సర్వేయరు రాసే ఒక్క వాక్యం మీద అంతా ఆధారపడుతుంది. అందుకే ఆయనకు అన్నగారి సలహా ఇవ్వలేదు. ఐదేళ్లకు కట్టవద్దు, ఏడాదికే తీసుకోండి, ఇంటి నుంచి ఒడ్డు దాకా ఉన్న దూరాన్ని వరదకు ముందు, తర్వాత తేదీతో ఫోటోలు తీయండి అన్నాను. సామానుకు బీమా వద్దన్నారాయన. నీళ్లు వస్తున్నాయంటే పడవలో గట్టుకు చేరుస్తారు, అది ఏటా ఉన్నదే.

ఒక కంపెనీ లంక చిరునామా చూడగానే కాదంది. రెండోది ఇంటిని చూసి చెప్తామంది, ఫోటోలు పంపాం. మనిషి ఇంకా రాలేదు. జులైలోపు వాళ్ల నుంచి జవాబు రాకపోతే మూడో కంపెనీకి ప్రపోజల్ సిద్ధంగా ఉంది.